మీకు తెలుసా? ఘాట్‌లో లారీ గేర్‌బాక్స్ పోతే బిల్లు ఎందాకా పోతుందో!

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఎక్కుతున్న లోడు లారీకి గేరు పడకపోతే ముందు ఇబ్బంది పడేది వెనకున్న బస్సుల్లోని జనం. ఓనరు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. పది టైర్లు, ఆపైన ఉన్న బండికి కంపెనీ కొత్త గేర్‌బాక్స్ అంటే లక్షల్లో మాట. పెట్టె ధర సరే, దానికి తోడయ్యేవే ఎక్కువ నొప్పి.

పన్ను సంగతి చూడండి. 2025 సెప్టెంబరు 22 దాకా లారీ విడిభాగాల మీద జీఎస్టీ ఎక్కువగా 28 శాతం ఉండేది. ఆ రోజు నుంచి 18 అయింది. పన్ను కలపకుండా 2 లక్షలు పలికే గేర్‌బాక్స్ మీద అప్పుడు 56 వేలు కట్టాలి, ఇప్పుడు 36 వేలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థ ఆ సొమ్మును మళ్ళీ రాబట్టుకునే వీలుంది. ఒకే లారీ మీద బతికే ఓనరుకు అది పోయిన డబ్బే.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. ఉన్నా, మామూలు మోటార్ పాలసీ అరుగుదలకు, యాంత్రిక లోపానికి పైసా ఇవ్వదు. గేర్‌బాక్స్ దానంతటది పోతే ఖర్చంతా ఓనరుదే. యాక్సిడెంట్‌లో పగిలితే ఇస్తుంది గానీ బండి వయసు చూసి కోస్తుంది: అయిదేళ్ళు దాటి పదేళ్ళ లోపు బండి అయితే లోహపు భాగాల ధరలో 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. ఈలోపు బండి షెడ్డులో ఉన్నా ఫైనాన్స్ కిస్తీ ఆగదు, క్వార్టర్లీ ట్యాక్స్ ఆగదు.

అసలు పెట్టె మొత్తం మార్చాల్సిన అవసరం ఎన్నిసార్లు ఉంటుంది? నా లెక్కలో, జనం అనుకున్నంత తరచుగా కాదు. గేరు పడకపోవడానికి కారణం గేర్‌బాక్స్ బయట ఉండొచ్చు: క్లచ్ బూస్టర్ పనిచేయకపోవడం, ప్లేటు అరిగిపోవడం, గేర్ లివర్ లింకులు లూజవడం. లోపలిదే అయినా ఒక బేరింగో, సింక్రోనైజర్ రింగో మారిస్తే సరిపోయే సందర్భాలుంటాయి. మోత వినపడగానే దింపి చూపిస్తే బేరింగ్ ఖర్చుతో పోతుంది. అలాగే తోలితే ఆ బేరింగ్ ముక్కలు గేర్ల పళ్ళ మధ్య పడి మెయిన్ షాఫ్ట్‌ను, లే షాఫ్ట్‌ను కూడా తినేస్తాయి. సెకండ్ హ్యాండ్ పెట్టె కోసం విజయవాడ ఆటోనగర్ దాకా పోవడం మనవాళ్ళకు అలవాటే. గిద్దలూరు నుంచి అది 200 కిలోమీటర్ల పైనే. రాను పోను కిరాయి కూడా ఆ పెట్టె ధరలోనే కలుపుకోవాలి.

ఇంకో చిన్న లెక్క. క్లచ్ ప్లేటు మార్చాలన్నా గేర్‌బాక్స్ దింపాల్సిందే. కాబట్టి ఎలాగూ దింపినప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఆయిల్ సీళ్ళు ఎంత అరిగాయో చూసి మార్చేస్తే రెండోసారి దింపుడు కూలి మిగులుతుంది.

గేర్‌బాక్స్‌ను చంపేది ఎక్కువగా బరువు, దాని తర్వాత తోలే పద్ధతి. లోడుతో ఎత్తు మీద బండి కదిలేటప్పుడు అడుగు గేరు ఇంజను తిప్పే బలాన్ని ఆరేడు రెట్లు, కొన్ని బండ్లలో పది రెట్లు దాటి పెంచుతుంది. ఆ భారమంతా మోసేది కొన్ని గేరు పళ్ళు. మూడు యాక్సిళ్ళ పది టైర్ల లారీకి 2018లో కేంద్రం మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. మార్కాపురం పలకరాయితో ఇక్కడే చిక్కు. ఘనమీటరు రాయి రెండున్నర టన్నులు దాటుతుంది, అంటే బాడీ సగం ఖాళీగా కనిపిస్తున్నా తూకం నిండిపోతుంది. మిర్చి టిక్కీలు దీనికి తలకిందులు, ఎత్తుగా పేర్చినా తేలికే. కంటితో చూసి రాయి ఎక్కిస్తే కాటా దగ్గర తెలుస్తుంది: కేంద్ర చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20 వేలు, అదనపు టన్నుకు మరో 2 వేలు. గేర్‌బాక్స్ తన జరిమానా వేరుగా వసూలు చేసుకుంటుంది.

అన్నట్టు, ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికే దిగే బండి దారివ్వాలన్నది రోడ్డు నియమం. సగం ఎత్తులో ఆగిన లోడు లారీని మళ్ళీ కదిలించడం క్లచ్‌కు ఎంత నరకమో డ్రైవర్లనే అడగండి.

దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంజను బ్రేకింగ్ పోయి బ్రేకులు వేడెక్కడం అందరికీ తెలిసిన ప్రమాదమే. తెలియనిది గేర్‌బాక్స్ లోపల జరిగేది. చాలా లారీల్లో నూనెను పైకి చిమ్మేది లే షాఫ్ట్. అది ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. ఇంజను ఆగి చక్రాలు తిరుగుతుంటే మెయిన్ షాఫ్ట్ మాత్రం తిరుగుతూ, నూనె అందక ఎండిపోయి కాలుతుంది.

ఆగిన లారీని గొలుసుతో లాగేటప్పుడూ జరిగేది ఇదే. ఘాట్‌లో ఆగిన బండిని గిద్దలూరు దాకా లాక్కురావాలంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించండి. విప్పడానికి కావాల్సింది నాలుగు స్పానర్లు, కాసేపు ఓపిక. విప్పకుండా లాగితే, బాగున్న గేర్‌బాక్స్ కూడా షెడ్డుకు చేరేసరికి మార్చాల్సిన పెట్టె అవుతుంది.