వార్ధక్యంలో ఆరోగ్యం: ఎవరి మాట నమ్మాలి?

గోదావరి జిల్లాలలో ఏ వీధి అరుగు మీద కూర్చున్నా అరవై దాటినవానికి ఆరోగ్య సలహాలు ఉచితంగా దొరుకుతాయి. కాకరకాయ రసం త్రాగితే మధుమేహం పోతుందని ఒకరు, రక్తపోటు మాత్రలు మొదలుపెడితే ఇక మానలేము గనుక అసలు మొదలే పెట్టరాదని మరొకరు, ఉప్పు తగ్గిస్తే నీరసం వస్తుందని ఇంకొకరు చెబుతారు. ఇప్పుడు చేతిలోని ఫోను కూడ వచ్చి ఆ అరుగు మీదనే కూర్చున్నది. ఈ సలహాలలో కొన్ని మంచివే. కొన్ని వ్యర్థమైనవి. కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. వీటిని వేరుచేయటం ఎట్లాగు? చెప్పినవాని వయస్సును, గొంతును బట్టి కాక, ఆ సంగతి అతనికి ఎట్లా తెలిసిందో అడగటం శాస్త్రం నేర్పిన పద్ధతి. ఆ పద్ధతికి ఉదాహరణలు వెదకటానికి దూరం పోనక్కరలేదు. డెల్టా గ్రామాలలోనే ఉన్నవి.

ఇరవయ్యవ శతాబ్దం పూర్వార్ధంలో ఉత్తర సర్కారులు బెరిబెరి వ్యాధికి పేరుపడినవి. కాళ్ళు తిమ్మిరెక్కటం, నడక తడబడటం, ఒళ్ళు వాయటం, చివరకు గుండె ఆగిపోవటం దాని లక్షణాలు. మద్రాసు రాష్ట్రంలోని తమిళ జిల్లాలలోను వరి అన్నమే తినేవారు. కాని అక్కడ ఈ వ్యాధి అరుదు. ఎందువల్ల? తమిళులు ఎక్కువగా ఉప్పుడు బియ్యం, అనగా ధాన్యాన్ని నానబెట్టి ఉడికించి ఆరబెట్టి దంచిన బియ్యం తినేవారు. సర్కారు జిల్లాలలో మరపట్టిన తెల్లని పచ్చి బియ్యం వాడుక. విటమిన్ బి1 బియ్యపు గింజ పైపొరలోను మొలకలోను ఉంటుంది. మర ఆ పొరను తవుడుగా తీసివేస్తుంది. ఉప్పుడు పద్ధతిలో ఆ విటమిన్ నీటిలో కరిగి గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత మరపట్టినా చాలవరకు నిలుస్తుంది. పైగా బియ్యం పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్తా పోతుంది. పశువుల కుడితిలో కలిసే ఆ తవుడులోనే మనిషికి కావలసిన మందు ఉండటం ఒక విచిత్రం.

ఈ జ్ఞానం ఒక్కనాటిలో రాలేదు. జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు మరపట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవటం, దంపుడు బియ్యం పెడితే అవి కోలుకోవటం 1890 ప్రాంతంలో గమనించినాడు. అయితే తెల్లబియ్యంలో ఏదో విషం ఉన్నదని, పైపొర దానికి విరుగుడని ఆయన మొదట భావించినాడు. ఆహారంలో ఒక పదార్థం లోపించటమే కారణమని 1901లో ఆయన తరువాత పనిచేసిన గ్రైన్స్ సూచించినాడు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం వచ్చినది. మన దేశంలో మెకారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి విచారణకు ఒక చిన్న ప్రయోగశాలను నెలకొల్పినాడు. అది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. నేడు భారతీయులకు ఆహార సూత్రాలను చెప్పే సంస్థ సర్కారు జిల్లాల వంటి ప్రాంతాల వ్యాధిని విచారించటానికి పుట్టినదేనన్న మాట!

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దంపుడు బియ్యం బెరిబెరిని నివారిస్తుందన్నది రుజువైన విషయం. అంతమాత్రాన అది మధుమేహాన్ని కుదురుస్తుందని, కీళ్ళనొప్పులను పోగొడుతుందని చెప్పటం మరొక మాట. దానికి వేరే రుజువు కావాలి. అసత్య సలహాలలో పెక్కు ఇట్లా పుట్టినవే. ఒక నిజానికి తోక తగిలించి ఊళ్ళోకి వదులుతారు.

ఇక చుట్ట సంగతి. గోదావరి లంకలలో పండే పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. "మా తాతగారు రోజూ చుట్ట కాల్చి తొంభై ఏళ్ళు బ్రతికినారు" అనే వాదన వినని ఉపాధ్యాయుడు ఉండడు. ఆ తాతగారు బ్రతికినది నిజమే. కాని ఆయనతోబాటు చుట్ట మొదలుపెట్టి యాభైలో పోయినవారు అరుగు మీదికి వచ్చి సాక్ష్యం చెప్పలేరు గదా! అందుకే ఒక్కరిని చూడక అందరినీ లెక్కించవలె. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, ఆయన సహచరులు 1951 మొదలు 2001 వరకు 34 వేలకు పైబడిన పురుష వైద్యులను గమనించినారు. జీవితాంతం సిగరెట్లు కాల్చినవారు కాల్చనివారి కంటె సగటున పది సంవత్సరాలు ముందు మరణించినట్లు తేలినది. ముప్ఫై ఏళ్ళకు మానినవారు ఆ నష్టాన్ని దాదాపు పూర్తిగా తప్పించుకొన్నారు. అరవై ఏళ్ళకు మానినవారికి కూడ మూడేళ్ళ ఆయుస్సు కలిసివచ్చినది.

లెక్కించటం వల్ల గోదావరి జిల్లాలలోనే ఒక పెద్ద అపోహ తొలగినది. గుండెజబ్బు, పక్షవాతం పట్టణవాసుల రోగాలని, పల్లెలలో జ్వరాలు, క్షయ, విరేచనాలే మనుషులను తీసుకుపోతాయని చాలకాలం అనుకొనేవారు. సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ మొదలైన సంస్థలు కలిసి అప్పటి ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో దీనిని పరిశీలించినవి. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో 1,354 మంది మరణించినారు. పల్లెలలో పెక్కు మరణాలు ఇంటివద్దనే జరుగుతాయి గనుక వైద్యుని ధ్రువపత్రం ఉండదు. అందువల్ల శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి, చనిపోయినవారి చివరి రోజులను గురించి బంధువులను విచారించి వ్రాసుకొన్నారు. వైద్యులు ఆ వ్రాతలను చదివి కారణాన్ని నిర్ణయించినారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల కలిగినవి. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి 13. అంటువ్యాధులు 12 మాత్రమే.

తరువాత అదే ప్రాంతంలో 44 గ్రామాలలో మరొక ప్రయోగం జరిగినది. ఫలితాలు 2012లో వెలువడినవి. కొన్ని గ్రామాలను చీట్లు వేసినట్లు ఎన్నుకొని, గోడపత్రికలు, వీధి నాటకాలు, ఊరేగింపులతో ఆరోగ్య ప్రచారం చేసినారు. గుండెజబ్బును గురించిన ప్రజల జ్ఞానంలో ఈ గ్రామాలకు, మిగిలిన గ్రామాలకు చెప్పుకోదగ్గ భేదం కనిపించలేదు. వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలకు ఒక పద్ధతి నేర్పి, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని గుర్తించమన్నప్పుడు మాత్రం ఎక్కువమంది గుర్తింపబడినారు. ఉపన్యాసాలు చేయలేని పనిని కొలమానం చేసినదన్న మాట. ప్రయోగం చేసినవారు తమ ప్రచారం ఫలించలేదని తామే అచ్చు వేయించినారు. తన తైలం పనిచేయలేదని ప్రకటించిన తైలం వర్తకుని ఎవరైనా చూచినారా?

కొలవటం ఎందుకంత ముఖ్యమో రక్తపోటును చూస్తే తెలుస్తుంది. అది పెరిగినా చాలమందికి తలనొప్పి ఉండదు, తల తిరగదు. "నాకేమీ లేదు" అన్న రైతుకే ఒక తెల్లవారుజామున ఒక చెయ్యి, ఒక కాలు పడిపోవచ్చును. ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చున్న తరువాత, కాఫీ, చుట్ట ముట్టని సమయంలో, వేరు వేరు రోజులలో చూచినా 140/90 లేక అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటు. మాత్రలు వాడగా అంకె తగ్గినప్పుడు "జబ్బు పోయినది, ఇక మాత్రలెందుకు?" అనే సలహా అరుగు సలహాలన్నిటిలోను ప్రమాదకరమైనది. గట్టు వేసినందువల్ల వరద పొలంలోకి రాలేదు. నీరు రాలేదు గదా అని గట్టు త్రవ్వివేసే రైతు డెల్టాలో ఉండడు. మాత్ర మార్చాలన్నా మానాలన్నా వైద్యుడే చెప్పవలె. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షకు రుసుము లేదు.

2024లో పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహార సూత్రాలు పదిహేడు. వృద్ధుల ఆహారాన్ని గురించి వాటిలో ప్రత్యేకంగా చెప్పినారు. మనిషికి రోజుకు ఉప్పు ఐదు గ్రాములకు మించరాదన్నది వాటిలోనిదే. వ్యాయామం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి కనీసం 150 నిమిషాల వడిగల నడక వంటి శ్రమను, అరవైఐదు దాటినవారికి పడిపోకుండా వారంలో మూడు రోజులైనా శరీరాన్ని నిలదొక్కుకొనే అభ్యాసాలను సూచించినది. వీటిలో ఎంత, ఎవరికి, ఎన్నిసార్లు అన్నది స్పష్టంగా ఉన్నది. ఫోనులో వచ్చే సలహాలో సాధారణంగా లేనిదే ఇది. దానిలో ఉండేది సరకు ధర.

ఉప్పు లెక్కను విద్యార్థులు ఇంటివద్దనే కట్టి చూడవచ్చును. నలుగురున్న ఇంట కిలో ఉప్పు నెల రోజులు వచ్చినదనుకొంటే, మనిషికి రోజుకు ఎనిమిది గ్రాములకు పైగా పడినది. ఇది వంటింటి డబ్బాలోని ఉప్పు మాత్రమే. వేసవిలో ఆవకాయ, మాగాయ జాడీలకు పోసిన ఉప్పు, ఎండుచేపలలోను అప్పడాలలోను ఉన్న ఉప్పు ఈ లెక్కలోకి రాలేదు. జాడీ పెట్టిననాడు ఎంత ఉప్పు కొలిచి పోసినారో అమ్మమ్మ నడిగితే చెబుతుంది. దానిని కూడ కలిపి, జాడీ ఎన్ని నెలలు వచ్చినదో దానితో భాగించవలె.