పొలం సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష ఎక్కడ పెట్టాలి?

పంజగుట్ట గదుల్లో ఉంటూ అమీర్‌పేటలో టెస్టింగ్ నేర్చుకునే మన పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు: పొలం లెక్కల సాఫ్ట్‌వేర్ వాడుకకు వీలుగా ఉందో లేదో ఎట్లా తేల్చాలి?

1998 నాటి ఐఎస్‌ఓ 9241-11 ప్రమాణం మూడు కొలతలు చెప్పింది: పని అయిందా, ఎంత శ్రమతో అయింది, వాడినవాళ్లకు తృప్తి కలిగిందా. అయితే వాడేదెవరో ముందు తేల్చుకోమంది. మెలికంతా అక్కడే ఉంది. వాడేది పట్టాదారే అనుకుంటే మన కూలితల్లి ‘ఖర్చు’ గడిలో ఒక అంకెగా మిగిలిపోతుంది.

భూమి రికార్డుల సాఫ్ట్‌వేర్‌నే చూడండి. 2020 అక్టోబర్ 29న తెలంగాణలో మొదలైన ధరణిలో పట్టాదారు ఉన్నాడు, అనుభవదారు కాలమ్ లేదు. బటన్లు ఎంత సులువైనా కౌలుదారుకేం ఒరిగింది? 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా ఈ పాఠం పాతబడలేదు.

అందుకే పరీక్ష వాడలో పెట్టండి. చదువురాని కూలితల్లి చేతికి ఫోనివ్వండి. ఈ వారం ఎన్ని రోజులు పనిచేసింది, ఎంత కూలి రావాలి అన్నది తనే చూసుకోగలిగితే పాసు. దొరనో, దొర కొడుకునో అడగాల్సివస్తే ఫెయిలు. ఫెయిలయ్యేది ఆమె కాదు, సాఫ్ట్‌వేరే.