బాలుర రచనా శిబిరములు – నియమముయొక్క ప్రయోజనము

వేసవి సెలవులలో బాలబాలికలకును, కౌమారవయస్కులకును రచనా శిబిరములు నడపుట మన ప్రాంతములందును కానవచ్చుచున్నది. కాని అచ్చట పిల్లలచేత వ్రాయించుట యెట్లను విషయము తగినంతగా విచారింపబడినట్లు తోచదు. “మీకు తోచినది వ్రాయుడు” అని కాగితము చేతికిచ్చుటయే స్వేచ్ఛయని పలువురి తలంపు. ఆ స్వేచ్ఛ పిల్లవానికి భారమగును. దారి తోచక వాడు పాఠ్యపుస్తకమందలి వ్యాసమునే మరల అప్పగించును: వసంతము, కోకిల, మామిడిచిగురు. వాని వీధిలో కోకిల కూసినదా యని అడుగువారుండరు.

అమెరికా కవి కెన్నెత్ కోక్ (1925–2002) 1968లో న్యూయార్కు నగరమందలి పి.ఎస్. 61 అను ప్రాథమిక పాఠశాలలో పిల్లలచేత కవిత్వము వ్రాయించుటకు పూనుకొనెను. ఆయన మొదట ఇచ్చిన పని చిన్నది. ప్రతి పంక్తియు ఒక కోరికతో మొదలు కావలెను. అందు ఒక రంగు, బొమ్మల కథలలోని యొక పాత్ర, ఒక నగరమో దేశమో రావలెను. ప్రాసలు వలదనెను, అక్షరదోషములకు వెరవవలదనెను. ఆ యనుభవమును 1970లో గ్రంథముగా వెలువరించెను.

అవధాన విద్య నెరిగినవారికి ఇది వింత కాదు. దత్తపదియందు పృచ్ఛకుడు నాలుగు పదములిచ్చును; అవధాని వానిని పద్యమున ఇముడ్చును. మన పెద్దలు విద్వత్పరీక్షగా నుంచినదానిని కోక్ పిల్లలకు ఊతకఱ్ఱగా ఇచ్చెనన్నమాట. భేదమును మరువరాదు. అవధాని సభలో పరీక్షకు నిలుచువాడు, ఛందస్సు చేతిలో నున్నవాడు. బాలునకు ఛందస్సును, చప్పట్లను రెండింటిని తొలగించి, పదములను మాత్రమే మిగుల్చవలెను.

సమస్యనుగూడ ఇట్లే వాడుకొనవచ్చును. “మా ఊరి చెరువు నిన్న రాత్రి లేచి వెళ్లిపోయినది” అను వాక్యమిచ్చి, అది నిజమగునట్లు కథ చెప్పుమనవలెను. ఒకడు చెరువునకు కాళ్లు మొలిపించును. పట్టణపు పొలిమేరలో పెరిగినవాడు లారీల మట్టియు, ఇండ్ల స్థలముల రాళ్లును తెచ్చును. చెరువును గూర్చి వ్యాసము వ్రాయుమన్నచో ఈ రెండవ కథ పుట్టియుండదు.

ఇటలీ రచయిత జాన్ని రొదారి (1920–1980) 1972లో రెజ్జో ఎమీలియా పట్టణమున ఉపాధ్యాయులతో జరిపిన గోష్ఠులనుండి 1973లో ఒక గ్రంథము వెలువడినది. పొంతన లేని రెండు పదములను ప్రక్కప్రక్క నిలుపుట అందలి ముఖ్యోపాయము. ఆయన ఉదాహరణము కుక్క, బీరువా. ఇటాలియను భాషలో వీనిని కలుపునవి నామమునకు ముందు వచ్చు చిన్నమాటలు. తెలుగున ఆ పని విభక్తులది: బీరువాలో కుక్క, బీరువాకొరకు కుక్క, కుక్కవలన బీరువా. ఈ చివరిది వినగానే “ఏమి జరిగినది?” అని తరగతి యంతయు అడుగును. కంఠస్థము చేసి మరచిన ప్రత్యయములు కథకు తలుపులగుట వ్యాకరణోపాధ్యాయులు గమనింపదగినది.

కౌమారవయస్కుల దారి వేరు. పదునాలుగేండ్లది వ్రాసినది దాచుకొను వయస్సు. చదివి వినిపింపకుండు హక్కు వారికి ముందుగనే ఈయవలెను. “నీ దుఃఖము వ్రాయుము” అన్నచో పెదవి విప్పనివారు, ఇంటి తాళముచెవి మాటలాడినట్లు వ్రాయుమన్నచో ఇల్లంతయు చెప్పుదురు.

ఇక దిద్దుబాటు. శిబిరములను ఎక్కువగా చెరచునది ఇదియే. శ్రీకాకుళపు బాలికయో, కరీంనగరపు బాలుడో ఇంటిమాటలో వ్రాసిన సంభాషణను పుస్తకభాషలోనికి మార్చినచో, పాత్రతోబాటు వ్రాసినవారును మాయమగుదురు. (గ్రాంథికమున సాగు వ్యాసమునుండి ఈ మాట వచ్చుట విచిత్రమే యగుగాక!) కోక్ శిష్యులలో స్పానిషు మాటలాడు కుటుంబముల పిల్లలు గలరు, ఆ పదములు కలిపి కవితలు వ్రాయుట ఆయన ఒక పాఠముగనే పెట్టెను.

శిబిరాంతమున వెలువరించు సంచికలందు పెద్దల చేయి తగిలిన ప్రతులే అచ్చగును. కొట్టివేతలతో నున్న మొదటి ప్రతులు చిత్తుకాగితములలో కలిసిపోవును. ఏ నియమమునకు ఏ వయస్సువారు ఎట్లు స్పందించిరో తెలుపునవి ఆ ప్రతులే. నిర్వాహకులు వానిని తేదీ, వయస్సు, ఇచ్చిన నియమము గుర్తించి, పేర్లు తొలగించి భద్రపరచినచో, బాలభాషపై పనిచేయు పరిశోధక విద్యార్థికి అంతకుమించిన సామగ్రి దొరకుట కష్టము.