పక్షులను లెక్కించు కొలువు: రైతుబిడ్డలకొక మాట

మన పల్లెలలో కూలిపనికి కాలనియమమున్నది. నాట్లకొక కార్తె, కలుపునకొక కార్తె, కోతలకొక కార్తె. ఆ కార్తె దాటెనా, పని లేదు. మరల రాబోవుదానికై కనిపెట్టుకొని యుండవలసినదే. ఇది రైతునకు క్రొత్త సంగతి కాదు. కాని పట్టపరీక్షలయందు కృతార్థులైన యువకులలో కొందఱు గూడ నిట్లే కార్తెలను బట్టి పనిచేయుచున్నారని మన సభ్యులలో ననేకు లెఱుగరు. పక్షులను వెదకుట, లెక్కించుట, గూళ్లకు కావలియుండుట వారి పని. మన సభ్యు లొకరి కుమారుడు మూడేండ్లుగా నిందున్నాడు. ఆయన తండ్రి మమ్ములను జూచినప్పుడెల్ల "పిట్టలను లెక్కించిన కడుపు నిండునా, అయ్యా?" యని యడుగుచుండుటచేత, స్వయముగా జూచి వ్రాయ నెంచితిమి.

పుష్యమాసమున నొకనాటి తెల్లవారుజామున హైదరాబాదులోని తార్నాకలో దిగి, ఆ యువకుని వెంట ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి పోయితిమి. ఈ విద్యాలయము 1918లో స్థాపింపబడినది. దాని ఆర్ట్సు కళాశాల రాతిభవనము 1939లో ప్రారంభమైనది. చుట్టును నగరము పెరిగిపోయినను, ఆవరణలో బండరాళ్లును, పొదలును, పడావు నేలయు నింకను మిగిలియున్నవి. నెమళ్లు కూయుచుండెను. తీతువు మమ్ముజూచి యఱచుచు లేచిపోయెను. బస్సుల మ్రోత యొకవైపు, కౌజుల పిలుపు మఱియొకవైపు.

యువకుడొక చెట్టుక్రింద నిలిచి, గడియారము చూచుకొని, నియమితమైన కొన్ని నిమిషములలో కనబడినవానిని, వినబడినవానిని, ఎంత దూరమున నున్నవో యంచనాతో సహా పుస్తకమున వ్రాసికొనెను. పిమ్మట కొంత దూరము నడచి మరల నట్లే చేసెను. నాలుగవచోట నేమియు కనబడలేదు. "ఇచ్చట వ్రాయుట కేమున్నది?" అంటిమి. "ఏమియు లేదని వ్రాయవలెనండి. లేనిచో నుండినట్లు వ్రాసినవాడు, పండని చేనికి పంట వ్రాసిన కరణమువంటివాడు" అని నవ్వెను. ఈ ఆవరణము అతనికి బడివంటిది. ఇచ్చట కన్ను, చెవి సాధనచేసి దూరప్రదేశములకు పోవుచుండును.

ఈ పనులకును పంచాంగమున్నది. చలికాలమున ఉత్తరదేశములనుండి నీటిపక్షులు మన చెరువులకు దిగును; 1987 మొదలు ఏటేట జనవరిలో ఆసియాఖండపు పలుదేశములందు నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. అదే కాలమున నెల్లూరు సీమలోని నేలపట్టు చెరువున గూడబాతులు గూళ్లుపెట్టును. వేసవిలో నేలమీద గ్రుడ్లుపెట్టు పక్షులను వెదకవలెను. వర్షములు పడినపిదప గిజిగాళ్ల గూళ్లు లెక్కకు వచ్చును. ఒక పని ముగిసి యింకొకటి దొరకువఱకు నడుమ రెండు మూడు మాసములు చేయి ఖాళీ.

ఇట్టి శ్రమ మన ప్రాంతమునకు నూతనము కాదు. 1931–32లో సలీం ఆలీగారు నాటి నిజాం రాజ్యమంతయు తిరిగి పక్షులను పరిశోధించిరి. వారి భార్య తెహమీనాగారు గూడ శిబిరములలో వెంటనుండిరి. ఆ పరిశోధన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో ప్రకటింపబడినది. నేడు ఒక పక్షి తగ్గినదా పెరిగినదా యని చెప్పుటకు, నాడు నడచి వ్రాసిన యట్టి వ్రాతలే యాధారము.

అయితే ఈ విద్య పట్టణమువారి సొత్తు కాదు. దీనికి కలివికోడి కథయే సాక్ష్యము. జెర్డను అను నాంగ్లేయుడు సుమారు 1848లో దీనిని శాస్త్రలోకమున కెఱిగించెను. ఇది రాత్రులందు సంచరించుచు, ముళ్లపొదల నడుమ నుండునది. 1900 తరువాత శాస్త్రజ్ఞులకు కనబడకపోవుటచే నశించినదనియే తలచిరి. బొంబాయి సంఘమువారి పక్షాన భరత్ భూషణ్ గారు కడప జిల్లాలో వెదకుచు పల్లెజనులను విచారించిరి. 1986 జనవరిలో లంకమల కొండల చెంతనున్న రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న యను వేటగాడు రాత్రివేళ దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియారేండ్లు పండితులకు దొరకని పక్షి, అడవి నెఱిగిన పల్లెవాని చేతికి దొరకినది! అది కొలదికాలములోనే చనిపోయినను, ఆ జాతి బ్రదికియున్నదని తేలినది. 1988లో ఆ ప్రాంతము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనది.

తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పఱచి, ప్రొద్దుటనే పోయి దానిపై బడిన అడుగుజాడలను చదివిరి. పల్లెవారు వారికి తోడ్పడిరి. 2005లో తెలుగుగంగ కాలువపని ఆ పొదలలోనికి వచ్చినప్పుడు, పక్షి యెచ్చట నున్నదో చూపిన ఈ జాడలే మాటకు బలమైనవి. కాలువ మార్గము మార్చబడెను. కాలువ నీరు రైతునకు ప్రాణము. దానిని మేము తక్కువ చేయము. నీరును, పక్షియు రెండును నిలుచు దారి యుండునా యని తెలియవలెనన్న, ముందుగా నెవడో యొకడు తెల్లవారకమున్నె లేచి జాడలు చదివి యుండవలెను.

రైతునకిందు లాభమేమని యడుగువారు రాబందులను తలచుకొనుడు. మన బాల్యమున పశువు చచ్చినచో గడియలలో ఎముకలు మిగిలెడివి. 1990వ దశకమునుండి ఆ పక్షులు మాయమైనవి. పాకిస్తానులోని పంజాబునందు పరిశోధకులు పొలములవెంట తిరిగి చచ్చిన రాబందులను ఏరి పరీక్షింపగా, పశువుల కిచ్చు డైక్లోఫినాక్ అను నొప్పిమందే విషమైనదని 2004లో వెల్లడియైనది. 2006లో మన దేశమున పశువైద్యమునందు దానిని నిషేధించిరి. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హానిచేయదని తేలినది. ఈ సత్యము కనుగొనుటకు ప్రయోగశాల యెంత ముఖ్యమో, ఎండలో నడచిన కాళ్లును అంతే ముఖ్యము.

ఇక కష్టములు దాచుట న్యాయము కాదు. తార్నాక గదిలో మన యువకుడు తన లెక్కపుస్తకము చూపెను. ఒక సంవత్సరమున అతడు పనిచేసిన కార్యాలయమువారు పని పూర్తియైన పిమ్మట అయిదు మాసములకు గాని జీత మీయలేదు. ఆ యేడు గది అద్దె తండ్రి అమ్మిన వడ్లసొమ్ముతో తీరినది. తండ్రి ప్రశ్న ఊరక పుట్టినది కాదని అప్పుడు మాకు బోధపడినది.

కావున నిందు ప్రవేశింపగోరు బిడ్డలకు మా సలహాలివి:

1. ఎన్ని మాసముల పని, జీతమెంత, ఏనాటికిత్తురు, ప్రయాణము, బస, పాముకాటు మొదలైన యాపదలయందు వైద్యవ్యయము ఎవరిది – ఇవి కాగితముపై వ్రాయించుకొనకుండ బయలుదేరరాదు.

2. పని ముగిసినపుడు యోగ్యతాపత్రము తప్పక పొందవలెను. తాను సేకరించిన వివరములతో ప్రకటించు నివేదికలో తన పేరుండవలెనని ముందే యడుగుట తప్పు కాదు.

3. పక్షుల శాస్త్రనామములతోపాటు ఊరిపేర్లను గూడ నేర్వవలెను. పల్లెలో విచారించుటకు అవియే తాళపుచెవులు.

4. ఖాళీ మాసములకు సేద్యమో, మఱియొక చేతిపనియో నిలుపుకొనవలెను.

సంఘములకును ఒక మనవి. రోడ్డుపనులకు కూలీలు సహకార సంఘములుగా నేర్పడి గుత్త తీసికొన్నట్లే, పదిమంది యువకులు కలిసి సంఘమై చెఱువుల లెక్కకును, గూళ్ల కావలికిని ఏల ఒప్పందము చేసికొనరాదు? ఒంటరివాని జీతము నిలిపినంత సులభముగా సంఘము జీతము నిలుపజాలరు. దుర్భిణి కొనుటకు స్వల్పకాలపు ఋణ మిచ్చుటయు పాలకవర్గములు ఆలోచింపదగినది.

తిరిగివచ్చిన పిదప ఆ తండ్రిని కలిసితిమి. చూచినదంతయు, అయిదు మాసముల జీతపు సంగతితో సహా, చెప్పితిమి. ఆయన కొంతసేపూరకుండి, చేని గట్టువైపు చూపి, "నిన్న గుంటక తోలుచుండగా చాలులో తీతువు గ్రుడ్లు కనబడినవి. వాడు చెప్పియుండెను గావున, ఆ జానెడు నేల వదలి తోలితిని" అనెను. పిట్టలను లెక్కించిన కడుపు నిండునా యని ఆనాడు మాత్రము మమ్మడుగలేదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు కూలి యిచ్చువారు. అది సకాలమున అందునట్లు చూడవలసినవారము మనము.