2147483647 (సంఖ్య)

2147483647 (అక్షరాలా రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు) ఒక ప్రధాన సంఖ్య. అనగా 1, తాను తప్ప దీనికి వేరే భాజకాలు లేవు. ముప్ఫై ఒక్క రెండ్లను గుణించి, లబ్ధం నుండి 1 తీసివేస్తే ఇది వస్తుంది; కనుక దీనిని 2³¹ − 1 అని వ్రాస్తారు. ఈ రూపంలోని ప్రధాన సంఖ్యలకు ఫ్రెంచి మతగురువు మారిన్ మెర్సెన్ పేరు వచ్చినది. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం కూడా ప్రధాన సంఖ్య కానక్కరలేదు. ఉదాహరణకు 2¹¹ − 1 = 2047 = 23 × 89.

మెర్సెన్ 1644లో ప్రకటించిన జాబితాలో 31 ఉన్నది గాని నిరూపణ లేదు. అదే జాబితాలోని 67, 257 తప్పని తరువాత తేలినది.

ఆయిలర్ నిరూపణ

దీనిని నిరూపించినవాడు లియొనార్డ్ ఆయిలర్ (1772). అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయినది. ఈ సంఖ్య వర్గమూలం 46340 కంటె కొద్దిగా ఎక్కువ. కావున అంతవరకు గల ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేలకు పైనే. ఆ శ్రమను తగ్గించిన తర్కం ఇది.

ఒక ప్రధాన సంఖ్య 2³¹ − 1ను నిశ్శేషంగా భాగిస్తే, ఫెర్మా సిద్ధాంతాన్ని అనుసరించి ఆ భాజకాన్ని 62తో భాగించినపుడు శేషం 1 రావాలి. ఇక 2³² అనేది 2¹⁶కు వర్గం. దానిని ఆ భాజకంతో భాగిస్తే 2 మిగులుతుంది. ఒక వర్గ సంఖ్యకు శేషం 2 రావాలంటే భాజకాన్ని 8తో భాగించినపుడు 1 గాని 7 గాని మిగలాలి. ఈ రెండు నియమాలను కలిపితే భాజకం 248క + 1 లేదా 248క + 63 రూపంలోనే ఉండాలి. 46340 లోపు అటువంటివి 372 మాత్రమే (1ని వదలి లెక్కిస్తే 373, అందులో 63 = 9 × 7 గనుక అక్కరలేదు). వీటిలోనూ 249 = 3 × 83 వంటివి వదిలివేయవచ్చు. మిగిలిన ఏ ఒక్కటీ నిశ్శేషంగా భాగించలేదు.

గణించుట, నిర్ణయించుట

తెలుగువారికి ఇక్కడ లక్కోజు సంజీవరాయశర్మ (1907–1997) గుర్తుకు రావడం సహజం. కడప జిల్లా ప్రొద్దుటూరు సమీపాన కల్లూరులో జన్మించిన ఈ గణితావధాని పుట్టుకతో అంధుడు. అవధానంలో 2¹⁰³ విలువను 32 అంకెలలో నోటితో చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ విలువ 10141204801825835211973625643008. దీని నుండి 1 తీసివేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యేనా? 103 ప్రధాన సంఖ్యే, కాని జవాబు కాదు: 2550183799 దానిని నిశ్శేషంగా భాగిస్తుంది. ఈ భాజకం కూడా పై నియమాలకు లోబడినదే. 206తో భాగిస్తే 1, 8తో భాగిస్తే 7 మిగులుతాయి. పెద్ద ఘాతాన్ని గణించడం ఒక విద్య, దాని స్వభావాన్ని నిర్ణయించడం వేరొక విద్య.

ఇతర విశేషాలు

2³⁰ × 2147483647 = 2305843008139952128 ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య. ఇటువంటివి కుతూహలానికే గాని ఉపయోగానికి కావు గనుక దీనికి మించినదానిని ఎవరూ వెదకబోరని పీటర్ బార్లో 1811లో భావించాడు. 1876లో ఎడ్వర్డ్ లూకాస్ 2¹²⁷ − 1ను సాధించాడు. 2024 అక్టోబరులో ప్రకటించిన మెర్సెన్ ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలున్నాయి.

బార్లో ఊహించని ఉపయోగం కంప్యూటరులో కలిగినది. గుర్తుతో కూడిన 32 బిట్ల పూర్ణాంకంలో ఇమిడే గరిష్ఠ విలువ 2147483647. 1970 జనవరి 1 నుండి సెకన్లను ఆ పద్ధతిలో లెక్కించే పాత వ్యవస్థలలో, భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు లెక్క ఈ సంఖ్యను చేరుతుంది. తరువాతి సెకనుకు అది ఋణ సంఖ్యగా మారి, తేదీ 1901 డిసెంబరుకు వెనుకకు పోతుంది. 64 బిట్లకు మారిన వ్యవస్థలకు ఈ చిక్కు లేదు.