కారవాన్ కాపురమున కరెంటు లెక్క

తెలుగు పాఠకులలో పెక్కుమందికి కారవాన్ అనగానే మొదట స్ఫురించునది సినిమావారి బండి. చిత్రీకరణ జరుగు తావున ఒక మూలగా నిలిచి, ప్రక్కనే జనరేటరు లారీ ఎడతెరిపి లేక గుర్రుమనుచుండగా, లోపల చల్లగాలిలో కథానాయకుడు వేషము ధరించుచుండునను చిత్రమే మన మనస్సులలో నాటుకొనియున్నది. ఆ బండికి కరెంటును గూర్చిన విచారము లేదు; ఉన్న విచారమంతయు డీజిలు ఖర్చు భరించు నిర్మాతది. కాని కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ 2009లో కారవాన్ విహారమునకై ఒక విధానమును ప్రకటించిన పిదప, 2021లో కేరళ ప్రభుత్వము తనదైన పథకమును ముందునకు తెచ్చిన పిదప, ఇంటిని చక్రములపై నెక్కించుకొని దేశము చూడవలెనను కోరిక మధ్యతరగతి గృహస్థులకును మెల్లమెల్లగా సోకుచున్నది. ఒక రాత్రి ఆగి మరునాడు సాగిపోవువానిని ఈ బండి ఏమియు నడుగదు. ఒకేచోట నెల్లాళ్లు మకాము వేసినవానికే అసలు పరీక్ష. ఆ పరీక్షలో మొదటి ప్రశ్న కరెంటు.

బండినే ఇల్లుగా చేసికొనుట మన సీమకు క్రొత్త గాదు. తమిళనాటి తిరుచెంగోడు నుండి వచ్చు బోరు లారీల పనివారు మెట్టపొలములలో రాయి తొలుచుచు, నెలల తరబడి ఆ లారీల నీడనే వండుకొని, ఆ లారీల మీదనే నిద్రించుట మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు రైతులెల్లరు చూచినదే. విహారమునకై కట్టించుకొన్న బండ్లలో పేరుపడినది, 1885 ప్రాంతమున గార్డన్ స్టేబుల్స్ అను నౌకాదళపు వైద్యుడు బ్రిస్టల్ నగరమున చేయించుకొన్న ‘వాండరర్’ అను గుర్రపుబండి. ఆయనకు గుర్రముల దాణాను గూర్చిన చింతయే గాని ఆంపియర్ల చింత లేదు, అదృష్టవంతుడు.

పెద్దతిప్పసముద్రం చెంత, కర్ణాటక సరిహద్దునకు ఇవతల, హార్సిలీ కొండకు ఉత్తరముగా, ఒక చింతతోపులో నలుగురు గల కుటుంబము నెల్లాళ్లు బండి నిలుపుకొన్నదని అనుకొందము. ఈ ప్రదేశమునకు ఒక సహజమైన సౌకర్యము గలదు: ఇది సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన పీఠభూమి యగుటచే, నడివేసవి దినములను మినహాయించినచో రాత్రివేళ ఏసీ యంత్రముతో పని యుండదు. నెల్లూరులోనో విజయవాడలోనో ఇదే మకాము వేసినచో ఈ వ్యాసము వేరు విధముగా వ్రాయవలసి వచ్చును. ఏలయన ఒక టన్ను ఏసీ గంటకు ఇంచుమించు ఒక యూనిట్టును మ్రింగును. బండిలోని ఏ సాధారణమైన బ్యాటరీయు ఒక రాత్రి ఆ ఆకలిని తీర్పజాలదు.

ఇక ఏసీ లేని ఆ బండిలో ఒక దినపు ఖర్చు చూతము. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ దీపములు నాలుగు, ఐదు గంటలసేపు వెలిగినచో 180 వాట్-గంటలు. తక్కువ కరెంటుతో తిరుగు బీఎల్‌డీసీ పంకాలు రెండు, ఒక్కొక్కటి ముప్పది వాట్ల చొప్పున పది గంటలు తిరిగినచో 600. చిన్న ఫ్రిజ్జు 500. సెల్‌ఫోనులు, ల్యాప్‌టాపు 200. నీటి పంపు 30. చట్నీకిని పిండికిని మిక్సీ పది నిమిషములు తిరిగినచో 125. ఇంతవరకు ఎవరైనను లెక్కవేయుదురు. లెక్కలో జారిపోవునది ఇన్వర్టరు. బ్యాటరీలోని 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఇంటి కరెంటుగా మార్చు ఈ పెట్టె, దానికి ఏ వస్తువును తగిలింపకున్నను, స్విచ్చు వేసియున్నంతసేపు ఇరువది వాట్ల వరకు తానే తినుచుండును. ఇరువది నాలుగు గంటలలో అది 480 వాట్-గంటలు, అనగా దీపములన్నిటి ఖర్చుకు రెండున్నర రెట్లకు మించినది. మొత్తము 2,115. స్థూలముగా రెండు యూనిట్ల పైచిలుకు.

ఆదాయము మాటేమి? బండి కప్పుపై 400 వాట్ల సౌరఫలకములున్నచో, రాయలసీమ ఎండలో నష్టములు పోగా దినమునకు 1.6 యూనిట్ల మేర రాబట్టవచ్చును. కొరత అర యూనిట్టు. 200 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో రెండున్నర యూనిట్లు నిలువయున్నను, నిరపాయముగా వాడుకొనదగినది రెండే. కావున మొదటి మూడు దినములు అన్నియు వెలుగుచుండును, అందరును సంతోషముగా నుందురు. నాలుగవ రాత్రి పంకా ఆగిపోవును. శని ఆదివారములకు వచ్చి పోవువాడు ఈ కొరతను జీవితమున ఎన్నడును ఎరుగడు, నెల్లాళ్ల మకామువాడు ఐదవ దినమున తప్పక ఎరుగును. చెరువులోనికి వచ్చు నీటికన్న తూమున పోవు నీరు కొంచెమెక్కువైనను, ఎంత పెద్ద చెరువైనను ఎండుటకు దినములు లెక్కింపవచ్చును గదా; మరొక బ్యాటరీ కొనుట కట్టను ఎత్తుచేయుట వంటిదే, దానివలన రావలసిన నీరు రాదు. దీర్ఘకాలపు మకామున మొదట చేయవలసినది ఆ అర యూనిట్టును పూడ్చుట. నిలువను పెంచుట తరువాతి మాట.

పూడ్చుటకు సులభమైన మార్గము ఇన్వర్టరును కట్టివేయుట. పంకాలును, దీపములును, చిన్న ఫ్రిజ్జులును, ఫోను చార్జర్లును 12 వోల్టులతోనే నడచునవి దొరకుచున్నవి. వానిని బ్యాటరీకి సూటిగా కలిపి, మిక్సీ తిరుగు ఆ పది నిమిషములకే ఇన్వర్టరును వేసినచో, దినమునకు నాలుగువందల యాబది వాట్-గంటలు మిగులును. కొరత ఇంచుమించు అక్కడనే తీరినది. పాతరకపు డెబ్బదియైదు వాట్ల పంకా బండిలో నున్నచో దానిని ఎవరికైనను దానమిచ్చి బీఎల్‌డీసీ పంకాను బిగించుకొనుట రెండవ మార్గము.

మూడవది ఎండను వెదకుట. ఇక్కడ ఒక వింత తగవు గలదు: మనిషి నీడ కోరును, ఫలకము ఎండ కోరును. చింతచెట్టు క్రింద బండి నిలిపినచో లోపల చల్లగానుండునుగాని పైని ఫలకములు అడుక్కుతినవలసినదే. ఒక కొమ్మ నీడ ఫలకముపై అడ్డముగా పడినను, వరుసగా కూర్చిన గదులలో (సెల్లులలో) నీడపడిన గదియే తక్కినవాని ప్రవాహమునకు అడ్డుతగులుటచే, నీడ ఆక్రమించిన జాగాకన్న నష్టము ఎక్కువగా నుండును. బండిని నీడలోనుంచి, రెండు మడతఫలకములను దూరమున ఎండలో ఆనించి తీగతో తెచ్చుకొనుట ఉత్తమము. తీగ సంగతి మరువరాదు. పది మీటర్ల దూరమునకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేసి, 12 వోల్టుల ఫలకమునుండి 20 ఆంపియర్లు తెచ్చినచో, రానుపోను ఇరువది మీటర్ల తీగలో 2.8 వోల్టులు హరించిపోవును. పండ్రెండింట దాదాపు మూడు దారిలోనే ఖర్చు. ఫలకములను వరుసగా కలిపి వోల్టేజి పెంచి, దానిని బ్యాటరీకి తగినట్లు దించు ఎంపీపీటీ కంట్రోలరు ద్వారా బ్యాటరీకి ఇచ్చినచో అదే తీగ చాలును. మన ఎర్రమట్టి దుమ్మును వారమునకు రెండుసార్లు తడిగుడ్డతో తుడువవలయును; అదియు తెల్లవారుజామున, ఫలకము చల్లగా నున్నపుడు.

వేడి పుట్టించు పనులను విద్యుత్తునకు అప్పగింపరాదని నా నిశ్చితాభిప్రాయము. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లు. దానిని 12 వోల్టుల బ్యాటరీనుండి నడుపుటకు 170 ఆంపియర్లకు తక్కువ గాకుండ లాగవలయును. బొటనవ్రేలంత లావు తీగలు కావలయును, బిగింపులలో ఏ ఒక్కటి వదులుగానున్నను అచ్చట నిప్పు పుట్టును. కెటిలు, ఇస్త్రీపెట్టె, గీజరు ఈ కోవలోనివే. గ్యాసు పొయ్యిమీద, కిటికీ తెరచి, కుక్కరులో అన్నము వండుకొనుటకు సిగ్గుపడవలసినదేమియు లేదు. స్నానమునకు నల్లరంగు డ్రమ్ము నిండ నీళ్లు ఉదయము ఎండలో పెట్టినచో సాయంకాలమునకు వెచ్చబడును.

బ్యాటరీ విషయమున కొంత చెప్పవలయును. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే నేటికిని మన యిండ్లలో ఇన్వర్టరు ప్రక్కన నిలిచి, నెలకొకమారు డిస్టిల్డ్ వాటరు త్రాగుచున్నది. దానిని సగమునకు మించి ఖాళీచేసినచో ఆయుస్సు క్షీణించును. పైగా చార్జి అగునపుడు మండు స్వభావముగల వాయువు వెలువడుటచే, నిద్రించు గదిలో నుంచదగదు. దానియందొక సుగుణము గలదు: కాసేపు విశ్రాంతి నిచ్చి వోల్టులు కొలిచినచో తన కడుపులో నున్నదెంతయో నిజము చెప్పును, 12.7 అయినచో నిండుగా, 12.1 ప్రాంతమైనచో సగముగా. లిథియం బ్యాటరీ అట్లు గాదు. నిండుగానున్నను ముప్పాతిక ఖాళీయైనను ఇంచుమించు ఒకే వోల్టేజిని చూపి, కడపట హఠాత్తుగా చేతులెత్తివేయును. దానికి లోపలికి వచ్చినదియు బయటికి పోయినదియు కూడికలు తీసివేతలు వేయు షంటు మీటరు తప్పనిసరి. వేసవిలో పడమటి ఎండ తగులు అరలో ఏ బ్యాటరీని గాని పెట్టరాదు.

ఇంత తంటా యెందులకు, తోట యజమాని షెడ్డునుండి ఒక తీగ లాగుకొన్న చాలదా అని అడుగువారుందురు. లాగుకొనవచ్చును, కాని ఏ కరెంటునుండి? వ్యవసాయ మోటార్లకు ప్రభుత్వము పగటిపూట తొమ్మిది గంటలు ఉచితముగా ఇచ్చు త్రీఫేజు సరఫరానుండి బండికి తీగ వేయుట చట్టవిరుద్ధము. 2003 విద్యుత్ చట్టములోని 126వ సెక్షను ప్రకారము మంజూరైన పనికి గాక వేరొక పనికి వాడినచో రెట్టింపు రేటున వసూలు చేయుదురు, ఆ నోటీసు వచ్చునది ఆతిథ్యమిచ్చిన రైతు పేరిట. ఇంటి సర్వీసునుండియే తీసికొనవలయును. అందును ఒక మర్యాద గలదు. మన ఆంధ్రరాష్ట్రమున ఇంటి కరెంటు ధర మెట్లుమెట్లుగా పెరుగును. 2022 నాటి పట్టికలో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల చొప్పున మొదలై, 400 దాటిన యూనిట్టు 9 రూపాయల 75 పైసలకు చేరినది. అతిథి వాడిన యూనిట్లు యజమానిని పై మెట్టునకు నెట్టును. ‘‘పరవాలేదులే, వాడుకోండి’’ అని ఆ పెద్దమనిషి అన్నను, తీగ మొదట ఒక చిన్న సబ్‌మీటరు బిగించి, పై మెట్టు ధరనే లెక్కగట్టి ఇచ్చుట న్యాయము.

ఇక ఆ కరెంటు గుణము. ఉదయము త్రీఫేజు రాగానే ఆటో స్టార్టర్లు బిగించిన బోరుమోటార్లన్నియు ఒక్క పెట్టున లేచును. ఆ క్షణమున చివరి ట్రాన్స్‌ఫార్మరు క్రింది యింటిలో దీపము కన్ను మూసి తెరచినట్లగును. 230 వోల్టులుండవలసిన చోట 180కి దిగినచో ఫ్రిజ్జు కంప్రెసరు తిరుగలేక మూలుగుచు వేడెక్కి కాలిపోవచ్చును. స్టెబిలైజరు లేక ఆ తీగను బండికి తగిలింపరాదు. అంతకన్న మేలు, ఆ కరెంటుతో చార్జరును మాత్రమే నడిపి బ్యాటరీ నింపుకొని, బండిలోని వస్తువులన్నిటిని బ్యాటరీ మీదనే నడుపుట.

ఎర్తు సంగతి ప్రాణముతో ముడిపడినది. రబ్బరు టైర్లపై నిలిచిన ఇనుపబండికి భూమితో ఏ సంబంధమును లేదు. ఎక్కడనో ఒక తీగ ఒరసికొని బండి ఒంటికి కరెంటు తగిలినను, లోపలనున్నవారికి ఏమియు తెలియదు. తెల్లవారి, మంచుకు తడిసిన నేలపై వట్టికాళ్లతో నిలిచి, తలుపు ప్రక్కనున్న ఉక్కుకమ్మీని పట్టుకొన్న ముసలమ్మకు మొదట తెలియును. షెడ్డులోని మూడుకన్నుల ప్లగ్గులో మూడవ కన్నునకు వెనుక తీగయే లేకుండుట పల్లెలలో అపురూపము గాదు. వైర్‌మన్ చేత పరీక్ష చేయించి, అవసరమైనచో ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు గుంత త్రవ్వించి, వేసవిలో ప్రతిదినము ఒక బిందెడు నీళ్లు పోయవలయును. కరెంటు నేలకు కారినచో ముప్పది మిల్లీ ఆంపియర్లకే తెగు ఆర్‌సీసీబీ లేని బండిలో కాపురముండుట సాహసము. చుట్టగానున్న తీగను చుట్ట విప్పకయే వాడుట మరొక పొరపాటు. బరువు పడినచో మధ్యపొరల వేడి బయటికి పోక తొడుగు కరగును. మామిడికాయల వేళ ఉరుములతో వచ్చు గాలివానలకు ముందే ఆ ప్లగ్గు ఊడదీయవలయును.

అమెరికాలో పిల్లలను చూడబోయి, వారితో అద్దె బండిలో ఎల్లోస్టోనుకు వెళ్లివచ్చిన మన పెద్దలు ఈ బాధలను వింతగా విందురు. అమెరికా మకాములలో పెక్కింట ప్రతి బండికి ఒక కరెంటు గుంజ పాతియుండును. 120 వోల్టుల వద్ద 30 ఆంపియర్లయినచో 3,600 వాట్లు, రెండు తీగల 50 ఆంపియర్లయినచో 12,000 వాట్లు. అయినను ఎల్లోస్టోనులో అట్టి గుంజలున్నది ఫిషింగ్ బ్రిడ్జి అను మకామున మాత్రమే. అచ్చటి తక్కిన మకాములలో గుంజలు లేవు, ఈ అర యూనిట్టు లెక్కయే వారికిని దిక్కు.

మన పొరుగుననే కుప్పం చెంత నడిమూరులో 2025 జనవరిలో ఇంటికప్పు సౌరవిద్యుత్తు పథకమును ముఖ్యమంత్రి ప్రారంభించిరి. దానికిని బండి కప్పు సౌరమునకును భేదమున్నది. ఇంటిపై మిగిలిన విద్యుత్తు కరెంటు లైనులోనికి పోయి లెక్కలో జమయగును. లోటును లైనే తీర్చును. బండికి అట్టి పెదతండ్రి లేడు. మధ్యాహ్నమునకే బ్యాటరీ నిండినచో తరువాతి ఎండ వృథా. కావున మిక్సీ, ల్యాప్‌టాపు చార్జి, నీటి ట్యాంకు నింపుట మొదలగు పనులను పదకొండు నుండి మూడు గంటల నడుమ పెట్టుకొనుట తెలివి. కార్తీకమాసపు ముసురులో నాలుగైదు దినములు ఎండ మొగము కానరానపుడు, బండి ఇంజనునకు డీసీ చార్జరు బిగించియున్నచో, కూరగాయలకని మదనపల్లెవైపు ఒక గంట నడిపివచ్చినను నాలుగువందల వాట్-గంటలు చేరును. జనరేటరు కడపటి ఆసరా. దానిని కిటికీ క్రింద నుంచినచో వాసనలేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును, గాలివాలున దూరముగా పెట్టవలయును.

ఊరిలో పెండ్లికో తద్దినమునకో ఐదారు దినములు బండిని తోపులో విడిచి పోవలసివచ్చినచో, ఫ్రిజ్జును ఖాళీచేసి తలుపు ఓరగా తెరచియుంచి, ఇన్వర్టరును పూర్తిగా ఆపి, షెడ్డు తీగను ఊడదీసి, సౌర కంట్రోలరును మాత్రము బ్యాటరీతో కలిపియుంచవలయును. కంట్రోలరునకు మొదట బ్యాటరీ తీగ, పిదప ఫలకపు తీగ కలుపవలయును. విప్పునపుడు మొదట ఫలకపు తీగ విప్పవలయును.