ఎముక అతికితే సరా? చెయ్యి లేవాలి!

పెద్దవయసులో కాలుజారి పడితే తుంటి, మణికట్టు లాగే తరచుగా విరిగేది భుజం కీలు దగ్గరి జబ్బ ఎముక. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. 2022లో మా అత్తగారికి 71వ ఏట ఇదే జరిగింది. అప్పుడు డాక్టరుగారి దగ్గరా, ఫిజియోథెరపిస్టు దగ్గరా తెలుసుకున్న సంగతులు మన కుటుంబాలకు పనికొస్తాయని రాస్తున్నాను.

మేముండేది తిరుత్తణి. 1960లో మా ఊరు మద్రాసు రాష్ట్రంలో కలిసినా పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగిల్లు ఇక్కడ లేదు. బంధువులంతా అక్కడికే అన్నారు. మావారు మాత్రం ముందు ఎక్స్‌రే తీయిద్దామన్నారు. ఎముక ఎన్ని ముక్కలైందో, కీలు తప్పిందో పైకి కనబడదు. పక్కనే పోయే నరం నలిగితే భుజం బయటివైపు తిమ్మిరెక్కుతుంది. అదీ చూడాలి.

ఆపరేషన్ అక్కర్లేదు, స్లింగు చాలన్నారు డాక్టరుగారు. మాకు అనుమానమే. కానీ ముక్కలు జరగని విరుగుళ్ళు చాలావరకు అలాగే అతుకుతాయట. ముక్కలు పక్కకు జరిగిన 250 మందిని బ్రిటన్‌లో పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళ తరువాత ఆపరేషన్ అయినవారికీ కానివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కీలు కూడా తప్పితే, ఎముక తల చీలితే సంగతి వేరు.

అసలు చిక్కు తరువాత వస్తుంది. ఎక్కువమందిని బాధించేది కీలు బిగుసుకుపోవడం. “కదిలిస్తే అతుకు ఊడుతుంది” అని చూడవచ్చినవాళ్ళు భయపెట్టారు. అత్తగారు చెయ్యి కదపనంటే కదపనన్నారు. ఎనిమిదో వారం ఎక్స్‌రేలో ఎముక అతుకుతోంది గానీ, చెయ్యి నోటిదాకా రాలేదు. జడ వేయించుకోవలసి వచ్చినందుకు ఆవిడ కన్నీళ్ళు పెట్టుకున్నారు.

అప్పుడు మొదలయింది సాధన. ముందుకు వంగి, మంచిచేత్తో బల్ల పట్టుకుని, రెండోచేతిని గడియారం లోలకంలా ఊపడం. తరువాత వేళ్ళతో గోడ పాకడం. ఏ రోజుకు ఎంత ఎత్తు పాకారో మనవడు పెన్సిలుతో గీత గీసేవాడు. వేళ్ళు, మణికట్టు మొదటిరోజు నుంచే కదపవచ్చు. భుజం ఎప్పుడు కదపాలో డాక్టరే చెప్పాలి.

మిగతా చిక్కులూ గుర్తుంచుకోండి. మూడునెలలైనా విరిగినచోట కదులుతున్నట్టుండి నొప్పి పెడితే అతకలేదేమో చూపించుకోవాలి. పొగతాగడం అతుకును ఆలస్యం చేస్తుంది. వంకరగా అతికితే చెయ్యి పూర్తిగా లేవదు. ఎముక తలకు రక్తం అందకపోతే నెలలూ ఏళ్ళూ గడిచాక కూడా అది కుంగవచ్చు. తగ్గిన నొప్పి తిరగబెడితే మళ్ళీ ఎక్స్‌రే తప్పదు.

ఏడాదికి అత్తగారు తన జడ తానే వేసుకున్నారు. పై అర మాత్రం అందదు. పూజసామాను కింది అరలోకి దించాం. విరిగిన ఎముక ఒకసారి హెచ్చరించినట్టే. ఎముకల బలం పరీక్ష చేయించండి, స్నానాలగదిలో పట్టుకునే కమ్మీ పెట్టించండి.